ఐమారాల కొత్త సంవత్సరం 5533 - ఆ లెక్క నిజమేనా?

పాలకొల్లు_పిల్లోడు
మొన్న జూన్ 21 సాయంత్రం నాలుగున్నరకి టీ కలుపుకుని ఫోన్‌లో దక్షిణ అమెరికా దేశం బొలీవియాలో కొత్త సంవత్సర వేడుక లైవ్ పెట్టుకున్నాను. వాళ్లకి అప్పుడే తెల్లారుతోంది. తివానాకు అనే పాత రాతి గుళ్ల దగ్గర వేలమంది దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు. రెండు అరచేతులూ తూర్పుకి చాపి ఎదురుచూస్తున్నారు. మొదటి కిరణం కొండ మీద నుంచి దిగగానే ఒక్కసారిగా కేక. నాకు ఇక్కడ ఒళ్లు ఝల్లుమంది.

ఆ తర్వాత వ్యాఖ్యాత ఇది ఐమారాలకి, అంటే అక్కడి ఆండీస్ కొండల ఆదివాసులకి, 5533వ సంవత్సరం అన్నాడు. అక్కడే నాకు ముల్లు గుచ్చుకుంది. తివానాకు నగరమే అంత పాతది కాదు కదా? వెతికితే, ఈ వేడుక ఆ చోట ఇలా జరగడం గట్టిగా 1980ల నుంచే అని తెలిసింది. ఇంతకీ నేను చూసింది పాత ఆచారమా, ఈమధ్య కట్టుకున్నదా? అనుమానం పెట్టుకుని దండం పెట్టలేకపోతున్నా. తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకోటి, గడ్డకట్టే చలిలో కొత్త సంవత్సరం ఏమిటి?

లెక్కల_మాస్టారు
మొదటి ప్రశ్నకి కూడిక చాలు. 2025 లోంచి 1492 తీసేయండి. 533 వస్తుంది. దానికి 5000 కలపండి. అంతే లెక్క.

1492 అంటే కొలంబస్ ఓడలు అటు చేరిన ఏడు. దానికి ముందు తమ జాతికి వెయ్యేళ్లవి 5 చక్రాలు గడిచాయని వాళ్లు చెప్పుకుంటారు. అందుకే 1992 సరిగ్గా 5500 అయింది. పురావస్తు తవ్వకంలో దొరికిన సంఖ్య కాదు ఇది.

పాలకొల్లు_పిల్లోడు
మాస్టారూ, అదే కదా నా బాధ. మరి అబద్ధమే అన్నమాట.

మంజీర_ఒడ్డు
అబద్ధం అని ఎట్లంటవ్ అన్నా. మనం కలియుగం ఐదు వేల చిల్లర ఏండ్లు అని పంచాంగంల చదువుతం. పూజల సంకల్పం చెప్పేటప్పుడు 'కలియుగే ప్రథమపాదే' అంటరు. అప్పుడు తవ్వకాల రిపోర్టు అడిగినవా? ఎవరి లెక్క వాళ్లకుంటది.

లెక్కల_మాస్టారు
నేను అబద్ధం అనలేదు. ఒక్కటి గమనించండి. ఆ 533 లోనే వాళ్ల గోడు ఉంది. దెబ్బ తగిలిన ఏడాదిని లెక్కలోంచి తీసేయకుండా, అక్కడి నుంచి ఒక్కో ఏడూ కూడుకుంటూ వస్తున్నారు. ఏటా కొత్త సంవత్సరం చెప్పినప్పుడల్లా పరాయివాళ్లు అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో కూడా చెప్పినట్టే. నాకు ఈ సంఖ్య మీద గౌరవం పెరిగింది ఇది అర్థమయ్యాకే.

శాంతియాగో_వాసి
నేను చిలీలో ఉద్యోగం. మా ఆఫీసులో ఒకావిడ ఐమారా, వాళ్ల ఊరు ఉత్తరాన బొలీవియా సరిహద్దు కొండల్లో. రెండేళ్ల క్రితం ఆవిడ బంధువులతో కలిసి తివానాకు వెళ్లొచ్చాను. చూసింది చూసినట్టు రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

బొలీవియాలోని లా పాజ్ నగరం నుంచి 70 కిలోమీటర్ల పైచిలుకు. అర్ధరాత్రి దాటాక మినీబస్సులు వరసగా బయల్దేరతాయి. ఊరు దాదాపు 3,850 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బస్సు దిగి పది అడుగులు వేస్తే మెట్లెక్కినట్టు ఆయాసం. ఆవిడ పెద్దమ్మ నా చేతిలో కోకా ఆకులు గుప్పెడు పెట్టి, బుగ్గన పెట్టుకో, నమలద్దు, ఊరనివ్వు అంది. పొలం అంతా మంటలు. మంట చుట్టూ జనం, వెదురు గొట్టాలు వరసగా కట్టిన సికులు ఊదేవాళ్లు, పెద్ద డోళ్లు. ఒక బృందం ఆగితే ఇంకోటి. నిద్ర అనే మాటే లేదు.

మంటల పక్కనే పూజకి సిద్ధం చేస్తుంటారు. నేను దగ్గర కూర్చుని చూసింది ఇదే. యాతిరి అంటే 'తెలిసినవాడు', వాళ్ల పూజారి. ఆయన రంగుల చేనేత గుడ్డ పరిచి దాని మీద తెల్ల కాగితం వేశాడు. కాగితం మీద కోవా అనే సువాసన ఆకు, లామా (అక్కడి ఉన్ని జంతువు) కొవ్వు, రంగు ఉన్ని పోగులు, కోకా ఆకులు ఏరి ఏరి, చిరగని వాటినే పెట్టాడు. పైన చక్కెర బిళ్లలు. ఒక్కో బిళ్ల మీద ఒక బొమ్మ అచ్చు ఉంటుంది, ఇల్లు, సూర్యుడు, జంట, ఇలా. ఏది కోరుకుంటే ఆ బొమ్మ. అన్నిటి పైన ఎండిన లామా పిండం. దాన్ని చూసి నేను వెనక్కి జరిగాను. పుట్టకముందే పోయినదాన్ని ఎండబెడతారట, లా పాజ్‌లో లినారెస్ వీధిలో అమ్ముతారు. ఆ పళ్లెం మొత్తాన్ని మోతాహ్ అంటారో మేసా అంటారో అని నేను తడబడుతుంటే, పెద్దమ్మ 'వాహ్తా' అని సరిచేసింది. మేసా స్పానిష్ వాళ్ల మాట.

తెల్లారే ముందు దాన్ని మంటలో పెట్టి, పైన మద్యం చల్లారు. బూడిద తెల్లగా దిగితే భూదేవి పచమామ సంతోషంగా తీసుకున్నట్టు. మాది తెల్లగానే దిగింది. పెద్దమ్మ ఆ బూడిదని చాలాసేపు చూసింది.

సూర్యుడు వచ్చేటప్పటికి నా కాలి వేళ్లు ఉన్నాయో లేదో తెలియట్లేదు. అందరూ చేతులు చాపారు, నేనూ చాపాను. 'హల్యాల్యా' అని కేక. ఆ వెలుగు అరచేతుల మీద పడ్డప్పుడు నిజంగానే వెచ్చగా తగిలింది. ఊహ కాదు. మైనస్‌లో రాత్రంతా నిలబడ్డ చేతికి ఆ తేడా తెలుస్తుంది. పక్కన పెద్దమ్మ ఏడుస్తోంది. పిల్లోడూ, 1980ల నుంచి మొదలైందా అని అప్పుడు ఆవిడని అడగాలని నాకు అనిపించలేదు.

విశాఖ_అల
చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. మోతాహ్ తడబాటు కూడా తీసేయకుండా రాశారు, బాగుంది.

రాతిపలక
పురావస్తు శాఖలో పని చేసి రిటైరయ్యాను, దక్షిణ అమెరికా నా సొంత విషయం కాదు గానీ తివానాకు మీద చాలా చదివాను. పిల్లోడి అనుమానాన్ని తోసేయకండి, అది మంచి అనుమానం.

తివానాకు నగరం సుమారు క్రీ.శ. 1000 నాటికి పడిపోయింది. ఇంకాలు ఆ చోటుకి వచ్చేసరికే అది పాడుబడ్డ రాళ్లు. ఆ తర్వాత ఆ రాళ్లతోనే పక్కన చర్చి కట్టారు. రైలు మార్గం వేసినప్పుడూ వాడేశారు. మీరు లైవ్‌లో చూసిన కలససాయ అనే గుడి గోడలు 1950లు, 60లలో కార్లోస్ పోన్సె సాంగినెస్ ఆధ్వర్యంలో మళ్లీ నిలబెట్టినవి. అలా నిలబెట్టడం మీద నిపుణులు చాలామంది తప్పు పట్టారు. సూర్యద్వారం, అదే ఒకే రాతిలో చెక్కిన పెద్ద గుమ్మం, దొరికినప్పుడు విరిగి పడి ఉంది. ఇప్పుడున్న చోటు దాని అసలు చోటు కాదనే అందరూ అంటారు.

ఇంకో పొరపాటు కూడా జనంలో ఉంది. కలససాయ ప్రధాన గుమ్మం మధ్యలోంచి సూర్యుడు కనిపించేది పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల్లో. జూన్‌లో, డిసెంబరులో గోడ చివరి మూలల వైపు పొడుస్తాడు. ఆ నాలుగు గోడలే ఏడాది లెక్క అన్నమాట. గుమ్మం లోంచి జూన్ కిరణం అనే మాట కాస్త కలిపి చెప్పేది.

అరసవల్లి_వీధి
రాతిపలక గారూ, మాకు ఇది బాగా తెలిసిన సంగతే. మా సూర్యనారాయణస్వామి పాదాలని కిరణాలు తాకేది మార్చిలో, మళ్లీ అక్టోబరు మొదట్లో. ఆ నాలుగు రోజులు తెల్లారకుండానే జనం గుడి ముందు వరస కట్టేస్తారు. నా చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించారు. మబ్బు పట్టిన ఏడు ఎవరికీ ఏమీ కనిపించదు. అయినా జనం వెళ్లిపోరు, ఎండ వచ్చేదాకా నిలబడి, ఉత్త గుమ్మానికే దండం పెట్టి వెళతారు. గుడి ఎన్నిసార్లు బాగుచేసి కట్టారో ఎవరూ అడగరు.

రాతిపలక
అవును. నేను తప్పు పట్టట్లేదండీ. రాయి చోటు మారిందని రాసింది రాయి గురించే. చేతులు చాపినవాళ్ల గురించి నేను ఒక్క మాట అనను.

పాలకొల్లు_పిల్లోడు
సరే, మరి ఈ 1980ల సంగతేంటి? ఎవరు మొదలుపెట్టారు?

రాతిపలక
పాత రోజుల్లో గ్రామాల్లో ఎవరి కొండ మీద వాళ్లు, ఎవరి పొలం దగ్గర వాళ్లు చేసుకునే మొక్కులు ఎప్పుడూ ఉన్నాయి. యాతిరులు ఎక్కడికీ పోలేదు. చర్చి కాదన్నా చాటుగా సాగాయి. దాన్ని తివానాకుకి తెచ్చి, జూన్ 21న అందరం ఒక్కచోట అని పెట్టింది కతారిస్టా ఉద్యమం వాళ్లు, ఐమారా చదువుకున్న తరం. 1781లో లా పాజ్‌ని చుట్టుముట్టి, ఆ ఏడాదే స్పానిష్ వాళ్ల చేతిలో దారుణంగా చనిపోయిన టుపక్ కతారి పేరు మీద పుట్టిన ఉద్యమం అది. తమ భాషలో తమ రోజు ఒకటి ఉండాలని వాళ్ల పట్టుదల. పండగకి ఐమారాలో పేరు విల్కాకుతి. విల్కా అంటే సూర్యుడు, కుతి అంటే తిరిగి రావడం. మచాక్ మారా అని కూడా అంటారు, కొత్త ఏడు.

చలిమంట
2006 జనవరిలో ఎవో మొరాలెస్ బొలీవియా అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారానికి ఒకరోజు ముందు తివానాకులోనే యాతిరుల చేతుల మీదుగా దీవెన తీసుకున్నాడు. ఆయనే 2009లో జూన్ 21ని దేశమంతటికీ సెలవు చేశాడు. అధికారిక పేరు 'ఆండీస్, అమెజాన్, చాకో కొత్త సంవత్సరం'. ఇక్కడే నాకు ఒక ఇబ్బంది. తూర్పున మైదానాల్లో ఉండే జాతులకి ఇది పండగే కాదు. వాళ్ల మీద రుద్దినట్టు అవలేదా? తూర్పున సాంతా క్రూజ్ వైపు అప్పుడు చాలా గొణిగారు.

మంజీర_ఒడ్డు
ఉగాది పెట్టి ఆదివాసులకు గూడ సెలవిస్తలేరా. సెలవిస్తె ఎవరికి నష్టం.

చలిమంట
సెలవు వేరు, పేరు వేరు. పేరులో అమెజాన్ కలిపినంత మాత్రాన అక్కడివాళ్ల పండగ కాదు కదా. ఐమారాల పండగ ఐమారాల పేరుతోనే ఉంటే నాకు ఇంకా గౌరవం.

శాంతియాగో_వాసి
చలిమంట గారి మాటలో నిజముంది. ఇక్కడ చిలీలో 2021 నుంచి జూన్ 20న గానీ 21న గానీ ఆదివాసీ ప్రజల జాతీయ దినం అని సెలవిస్తున్నారు. ఉత్తరాన ఐమారాలు మచాక్ మారా అంటారు, దక్షిణాన మపూచేలు 'వి ట్రిపంతు' అంటారు. ఎవరి పేరు వాళ్లదే, సెలవు ఒక్కటే. మా ఆఫీసావిడకి అదే నచ్చుతుంది.

తెల్లారిగట్ల
ఇంకాల సూర్యుడి పండగ ఇంతి రాయ్‌మి, ఇదీ ఒకటేనా? కుస్కో వీడియోలు చూశాను, రాజు వేషం, పల్లకీ.

రాతిపలక
కాదు. అది పెరూలో, కెచువా భాషవాళ్లది, జూన్ 24. స్పానిష్ పాలనలో ఆపేశారు. 1944లో కుస్కోలో పాత రాతల ఆధారంగా మళ్లీ మొదలుపెట్టారు. అది పెద్ద ప్రదర్శన, నటులు ఉంటారు. తివానాకులో వేషాలు తక్కువ, మొక్కు ఎక్కువ.

కార్తెల_తాత
అబ్బాయి రెండో ప్రశ్నని అందరూ వదిలేశారు. చలిలో కొత్త సంవత్సరం ఏమిటన్నాడు. నేను రైతుని, నా వంతు నేను చెబుతాను.

వాళ్లు భూమధ్యరేఖకి దిగువన. మనకి జూన్ 21 పెద్ద పగలు, వాళ్లకి పెద్ద రాత్రి. ఆ రోజు సూర్యుడు మన వైపు రాగలిగినంత దూరం వచ్చేసి, ఇంక వెనక్కి తిరుగుతాడు. మనల్ని వదిలి వాళ్ల దగ్గరికి బయల్దేరతాడు. అందుకే వాళ్లు 'తిరిగొచ్చాడు' అంటున్నారు. మనకి దక్షిణాయనం, వాళ్లకి అదే ఉత్తరాయణం లాంటి శుభం.

లెక్కల_మాస్టారు
తాతగారూ, పంచాంగంలో దక్షిణాయనం కర్కాటక సంక్రమణం నుంచి కదా, జులై మధ్యలో.

కార్తెల_తాత
పంచాంగం మాట పంచాంగానిది. నీడ మాట నీడది. మా పొలంలో బావి గట్టు నీడ ఆరుద్ర కార్తె మొదట్లోనే తిరుగుతుంది. ఆరుద్ర ఎప్పుడొస్తుంది? జూన్ 21, 22. సరిగ్గా వాళ్ల పండగ రోజు. ఆ వారం మా ఎర్ర నేలలో వాన పడితే ఆరుద్ర పురుగులు పట్టు బొత్తాల్లా పాకుతాయి, మేం విత్తనానికి దిగుతాం.

మంజీర_ఒడ్డు
గట్లయితే వాళ్లది గూడ ఏరువాక పున్నమి లెక్కనే అన్నట్టు!

కార్తెల_తాత
కాదు నాయనా, తిరగేసి చూడు. ఏరువాక మనకి మొదలు. వాళ్లకి జూన్ అంటే పంట ఇంటికి చేరిపోయింది, నేల పడుకుంది. విశ్రాంతి కాలం. గాదె నిండి, పని లేని చోట ఏడాది ముగిసి ఇంకోటి మొదలవుతుంది. రైతుకి అది సబబే. మనకీ సంక్రాంతి అలాగే గదా, ధాన్యం ఇంటికొచ్చాకే.

శాంతియాగో_వాసి
పని లేదు అనకండి తాతగారూ! జూన్, జులై చలి వాళ్లకి చూన్యో చేసే కాలం. బంగాళాదుంపల్ని రాత్రి గడ్డి నేల మీద పరిచేస్తారు, మంచుకి గడ్డకడతాయి. పగలు ఎండకి కరుగుతాయి. అప్పుడు ఇంటిల్లిపాదీ వాటి మీదకెక్కి వట్టి కాళ్లతో తొక్కుతారు. నీరు పోతుంది, తొక్క ఊడుతుంది. మళ్లీ చలికి, మళ్లీ ఎండకి. చివరికి గులకరాయి అంత నల్లటి గట్టి దుంప మిగులుతుంది, ఏళ్ల తరబడి పాడవదు. ఆ చలి లేకపోతే వాళ్ల గాదె నిండదు.

పండగ పొద్దున్న సూర్యుడికి మొక్కాక అప్తాపి అని పెడతారు. ఎవరింటి నుంచి తెచ్చింది వాళ్లు నేల మీద గుడ్డ పరిచి పోసేస్తారు. ఉడికించిన దుంపలు, చూన్యో, చిక్కుళ్లు, జున్ను. అందరూ ఒకే గుడ్డ చుట్టూ కూర్చుని చేత్తో తింటారు. నాది ఏమీ లేదని సిగ్గుపడుతుంటే పెద్దమ్మ నా ముందుకి దుంపలు తోసింది. నా సంచిలో అమ్మ పంపిన కందిపొడి ఉంది, తీసి పెట్టాను. దుంపలతో కందిపొడి వాళ్లకి తెగ నచ్చింది. ఒకాయన ఇది ఏ కొండది అని అడిగాడు.

విశాఖ_అల
ఏ కొండది అంటే ఏమని చెప్పారు?? అర్జెంటుగా చెప్పండి.

శాంతియాగో_వాసి
సింహాచలం అన్నాను. మాది గాజువాక మరి.

విశాఖ_అల
జై సింహాద్రి అప్పన్న. మీరు మా వాళ్లే.

గోదారి_గట్టు
అంతా బాగానే ఉంది, లామాని బలి ఇవ్వడం మాత్రం నాకు మింగుడుపడలేదు. లైవ్‌లో ఆ ముక్క వచ్చేసరికి కట్టేశాను. సూర్యుడికి రక్తం ఎందుకు?

మంజీర_ఒడ్డు
మా దిక్కు బోనాలల్ల, జాతరలల్ల యాట కొయ్యకుంట ఉంటరా? అమ్మవారికి సాక పోస్తం, యాటను ఇస్తం, ఊరందరం తింటం. మీకు మింగుడుపడకుంటె మానెయ్‌రి, గాని ఎందుకు అని అడిగితె మాకు గూడ తగులుతది.

గోదారి_గట్టు
మిమ్మల్ని అనలేదన్నా. నాకు చూడబుద్ధి కాలేదు, అంతవరకే. నా మాట అలా ధ్వనిస్తే క్షమించండి.

మంజీర_ఒడ్డు
అయ్యో ఏం లేదు. మనసుల మాట చెప్పినవ్, మంచిదే.

శాంతియాగో_వాసి
సాక అన్నారు కదా. వాళ్లకీ అదే ఉంది. ఏది తాగినా ముందు నాలుగు చుక్కలు నేల మీద పోస్తారు, పచమామకి. తర్వాతే తమకి. కొత్త ఇల్లు, కొత్త బండి, దేని మీదైనా చల్లుతారు. ఆ పనికి పేరు 'చల్లా'.

తెల్లారిగట్ల
చల్లా!!! చల్లడమే! తెలుగువాళ్లు ఆండీస్ దాకా వెళ్లారన్నమాట!

రాతిపలక
వద్దమ్మా, ఆ దారిలో వెళ్లకు. ధ్వని కలిసింది, అంతే. వాళ్ల 'చ' గొంతు నొక్కి పలికేది, వేరే అక్షరం. ఒక మాట కలిసిందని బంధుత్వం కలిపేస్తే రేపు వాట్సాప్‌లో అదే చరిత్ర అయి కూర్చుంటుంది.

తెల్లారిగట్ల
సరే సరే, ఓడలు వెనక్కి తిప్పేశాను. అయినా నాకు ఈ మాట ఇంక జన్మలో మర్చిపోవడం ఉండదు.

లెక్కల_మాస్టారు
మాటల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. ఐమారా భాషలో 'నయ్‌రా' అంటే కన్ను, ముందు, గడిచిన కాలం కూడా. 'కిపా' అంటే వీపు వెనక, రాబోయే కాలం. గడిచింది కళ్ల ముందు ఉంది, చూశాం కాబట్టి. రాబోయేది వెనక ఉంది, కనపడదు కాబట్టి. రఫాయెల్ నున్యెస్, ఈవ్ స్వీట్సర్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో దీని మీద పత్రం రాశారు. పెద్దవాళ్లు పాత కాలం గురించి మాట్లాడేటప్పుడు చెయ్యి ముందుకే చూపిస్తారట.

కార్తెల_తాత
ఇది నాకు నచ్చింది. మనం 'వెనకటి రోజుల్లో' అంటాం. మళ్లీ 'ముందు జరిగింది చెప్పు' అనీ అంటాం. 'ముందు ముందు ఏమవుతుందో' అనీ అంటాం. మన 'ముందు' రెండు వైపులా తిరుగుతుంది.

పాలకొల్లు_పిల్లోడు
మాస్టారూ, ఈ ఒక్క మాటతో నా ప్రశ్న కదిలిపోయింది. పాతదా కొత్తదా అని నేను అడిగినప్పుడు పాతది ఎక్కడో వెనక పడి ఉందనుకున్నా. వాళ్లకి అది ఎదురుగా నిలబడి ఉంది, దానికేసే చేతులు చాపారు. 1980లలో మొదలుపెట్టినా, వాళ్లు చూస్తున్నది మాత్రం దాన్నే.

రాతిపలక
అంత తొందరగా ఒప్పేసుకోకు బాబూ. అనుమానం ఉంచుకో, దాంతోనే ఇంకా చదువుతావు. చదివాక దండం పెట్టినా అడ్డేమీ లేదు. నేను తవ్విన ప్రతి గుంట దగ్గరా దిగే ముందు మట్టి కళ్లకద్దుకునేవాడిని.

చలిమంట
ఇంకో చిన్న విషయం. అక్కడ జూన్ 23 రాత్రి సాన్ హువాన్ (సెయింట్ జాన్) పండగ మంటలు వేసేవారు, ఏడాదిలో అతి చలి రాత్రి అదేనని నమ్మకం. లా పాజ్, ఎల్ ఆల్తో నగరాల్లో పొగకి ఊపిరాడక ఇప్పుడు మంటలు వద్దని ఆంక్షలు పెట్టారు. మన భోగి మంటల్లో టైర్లు వేసేవాళ్లకి ఇది చదివి వినిపించాలి.

కార్తెల_తాత
నా దగ్గర ఒకటి మిగిలింది. ఆండీస్‌లో రైతులు ఈ జూన్ రోజుల్లోనే తెల్లవారుజామున కొండెక్కి కృత్తికల్ని చూస్తారు. ఆ చుక్కలు స్పష్టంగా, ఎక్కువ కనిపిస్తే వానలు బాగా వస్తాయి. మసకగా ఉంటే వానలు వెనకబడతాయి, దుంపలు నాటడం ఆలస్యం చేస్తారు. ఇది మూఢనమ్మకం అని కొట్టేసినవాళ్లున్నారు. 2000లో ఓర్లోవ్, చియాంగ్, కేన్ అనే ముగ్గురు లెక్క కట్టి చూస్తే నిజమని తేలింది. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నీన్యో ఏడాదుల్లో జూన్‌లోనే ఆకాశంలో చాలా ఎత్తున పల్చటి మబ్బు పొర కడుతుంది. కంటికి మబ్బులా కనపడదు, చుక్కల్ని మాత్రం మసక చేస్తుంది. ఆ ఏడాదుల్లోనే అక్కడ వానలు తగ్గుతాయి. నేచర్ పత్రికలో వచ్చింది.

మన కృత్తిక కార్తె మే నెలలో. అప్పుడు సూర్యుడు ఆ చుక్కల దగ్గరే ఉంటాడు, అవి కనపడవు. జూన్ చివరికి తెల్లారిగట్ల తూర్పున మళ్లీ లేస్తాయి. వాళ్లూ మేమూ చూసేది అవే చుక్కలు. మా నాన్న ఆరుగురు అక్కచెల్లెళ్లు అని లెక్కపెట్టించేవాడు.

విశాఖ_అల
రేపు నేనూ చూస్తా. ఎన్నింటికి?

కార్తెల_తాత
నాలుగు, నాలుగున్నర. తూర్పున. మబ్బు ఉంటే ఏమీ చెయ్యలేం.

మంజీర_ఒడ్డు
మా దిక్కు మొత్తం మొగులే ఉన్నది. అయినా లేస్త.

శాంతియాగో_వాసి
వచ్చే ఏడాది ఎవరైనా తివానాకు వెళ్లేదుంటే: రెండు రోజులు ముందే లా పాజ్ చేరండి, ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి. ఉన్ని సాక్సులు రెండు జతలు. గ్లవ్స్ ఉండాలి, కానీ సూర్యుడు వచ్చేటప్పుడు తీసేయండి. అరచేతులు వట్టిగా ఉండాలి. కందిపొడి మర్చిపోవద్దు.

పాలకొల్లు_పిల్లోడు
ఇవాళ నాలుగింటికి మేడ ఎక్కాను. కొబ్బరి చెట్ల మీద మబ్బు. నాలుగూ ఇరవైకి కాసేపు విడిపోయింది. మొదట నాలుగు కనిపించాయి, చూడగా చూడగా ఐదు. అమ్మ కూడా లేచి వచ్చింది, ఏం చూస్తున్నావురా అంది. చూపించాను. ఆవిడ ఆరు లెక్కపెట్టింది.